కార్ఖానా చాయ్, కాలువ నీళ్లు

మా వాడకట్టులో ఒక అమ్మాయికి ఈమధ్య ఫ్యాక్టరీల మురికినీళ్లు తనిఖీ చేసే ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. మిఠాయి పట్టుకొని మా ఇంటికొచ్చి, "తాతా, నువ్వు గూడ గిదే పని చేసినవట. నాకేమన్న చెప్పు" అని అడిగింది.

"ఫ్యాక్టరీకి పోయినప్పుడు చాయ్ తాగకు" అన్నాను.

పడీపడీ నవ్వింది. నేను ఏమన్నా జనం నవ్వుతారు, అది నాకు అలవాటే. చావు ఇంటికి పోయి కూడా నోరు అదుపులో పెట్టుకోలేక మా ఆవిడతో తిట్లు తిన్నవాణ్ణి. కానీ ఆ రోజు నేను నవ్వించడానికి అనలేదు. నా సర్వీసంతా గుడ్డలో వేసి పిండితే కారేది ఆ ఒక్క మాటే. ఆమె వెళ్ళిపోయాక నాకు కోపం వచ్చింది. ఆ పిల్ల మీద కాదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా గుర్తుకొస్తే ఒళ్ళు మండే కొన్ని సంగతుల మీద. నవ్వు ఆగాక చదువుకుంటుందని ఇది రాస్తున్నాను.

నేను సీసాల మనిషిని

ఆరో తరగతిలో బడి మానేశాను. అది ఉర్దూ బడి. పంతులు చెప్పేది నాకు అర్థమయ్యేది కాదు, నేను అనేది పంతులుకు నచ్చేది కాదు. అక్కడ నేను పక్కాగా నేర్చినది సిరా తయారుచేయడం ఒక్కటే. కరక్కాయలు దంచి నానబెట్టి, ఆ వగరు నీళ్ళలో కాస్త అన్నభేది వెయ్యాలి. అన్నభేది అంటే ఆకుపచ్చ కలకండ ముక్కల్లా ఉండే రసాయనం, ఇనుమును ఆసిడ్‌లో కరిగిస్తే వచ్చేది. అది పడగానే నీళ్ళు కాటుకలా నల్లబడతాయి. ఆ సిరాతో నేను రాసింది తక్కువ, పక్కవాడి అంగీ మీద పోసింది ఎక్కువ.

పోలీసు చర్య అయిన కొన్నేళ్ళకు నల్లగొండలో ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ఆఫీసులో అటెండరుగా చేరాను. కాగితం మీద అటెండరు. నిజానికి నేను సీసాల మనిషిని. ఒక చెక్కపెట్టె, అందులో వరిగడ్డి మధ్య గాజు సీసాలు, బిరడాలు, లక్క, కొవ్వొత్తి, ఇత్తడి ముద్ర. ఇన్‌స్పెక్టరు ముందు నడుస్తాడు, పెట్టె నెత్తిన పెట్టుకొని నేను వెనక నడుస్తాను. ఫ్యాక్టరీ వదిలే కాలువలో సీసా ముంచి, బిరడా బిగించి, లక్క కరిగించి ముద్ర కొట్టాలి. తర్వాత దాన్ని బస్సులో హైదరాబాదు లాబొరేటరీకి చేర్చాలి. బస్సులో పక్కవాళ్ళు పెట్టెలో ఏముందని అడిగితే అత్తరు అనేవాణ్ణి. కాసేపటికి వాళ్ళే లేచి వేరే సీటు చూసుకునేవాళ్ళు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. ఫ్యాక్టరీ నుంచి పోయే నీళ్ళను హాని లేకుండా చేసి పంపాలని అందులో ఒక ముక్క ఉండేది. ఎంత ఉంటే హాని? ఎవరికి హాని? ఏ నీళ్ళలో ఏది ఎంతవరకు ఉండొచ్చు? అదేమీ లేదు. కొలత చెప్పకుండా బట్ట కుట్టమన్నట్టు ఉండేది. అది చాలక, మేము వస్తున్నామని ఫ్యాక్టరీకి ముందుగా కబురు పంపాలి. సీసా నింపేటప్పుడు మేనేజరు పక్కన ఉండాలి. లేకపోతే ఆ సీసా చెల్లదు. దొంగ ఇంటికి సోదాకు పోయే పోలీసు, ఫలానా పూట వస్తున్నాను, ఇంట్లోనే ఉండు బాబూ అని చెప్పి పోయినట్టు. దీన్ని రాసినవాళ్ళు పెద్ద చదువులు చదివినవాళ్ళే. ఒక్కరు కూడా కాలువ పక్కన నిలబడి రాయలేదని మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను.

మెరిసే సీసాలు

నా మొదటి సాబు హమీద్ సాబ్. నిజాం కాలపు ఉద్యోగి. షేర్వానీ మీద మడత పడనిచ్చేవాడు కాదు. ఆయనకు పని ఎలా జరిగిందన్నది తర్వాత, చూడటానికి ఎలా ఉందన్నది ముందు. నల్లగొండ నీళ్ళు ఎంత ఉప్పనో తాగినవాళ్ళకు తెలుసు. ఆ నీళ్ళతో కడిగితే సీసా లోపల సున్నం కొట్టినట్టు తెల్లటి పొర కడుతుంది. అది సాబుకు కిట్టదు. అందుకని ఇంట్లో ఇత్తడి చెంబులు తోమినట్టే ఆఫీసు సీసాలు కూడా చింతపండుతో రుద్ది కడగడం ఆయన పెట్టిన అలవాటు. కడిగినవి వరసగా కిటికీలో పెడితే, ఎండకు అద్దాల్లా మెరిసేవి. సాబు మీసం దువ్వుకుంటూ, "దేఖో నర్సయ్య, సర్కారు అంటే గిట్లుండాలె" అనేవాడు.

నాకు కూడా బాగానే ఉండేది. మెరిసే సీసాలు చూసి ఎవరికి మాత్రం బాగుండదు? ఆ మెరుపు మా మెడకు ఉరితాడు అవుతుందని ఆఫీసులో ఒక్కరికీ తట్టలేదు.

ఇంజనుతో పాటు వచ్చే చాయ్

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత హమీద్ సాబ్ స్థానంలో రామ్మూర్తిగారు వచ్చారు. కోస్తా మనిషి. రసాయనశాస్త్రం చదువుకున్నవాడు. నన్ను ఏనాడూ ఒరేయ్ అనలేదు, ఏమయ్యా అనేవారు. లంచం ముట్టని మనిషి. ఆయనలో ఉన్న ఒకే ఒక్క లోపం ఎవరినీ కాదనలేకపోవడం. ఎవరేది పెట్టినా తినేవారు, ఎవరేది పోసినా తాగేవారు. ఎదుటివాళ్ళు చిన్నబుచ్చుకుంటారని భయం. ఇది మంచి గుణమేనని మీరంటారు. పెళ్ళికి పోయినప్పుడు మంచిదే.

భువనగిరికి అవతల, రైలు పట్టాల పక్కన ఒక కార్ఖానా ఉండేది. పేరు రాయను, ఇప్పుడు అది లేదు. గంధకం కాల్చి ఆసిడ్ తీసేవాళ్ళు. పెద్ద పెద్ద తొట్లలో ఆ ఆసిడ్ పోసి పాత ఇనుప తుక్కు కరిగించి అన్నభేది తయారుచేసేవాళ్ళు. ఆకుపచ్చ ముక్కలు ఏరుకున్నాక తొట్టిలో మిగిలిన నీళ్ళు కాలువలో వదిలేవాళ్ళు. ఆ కాలువ పోయి వాగులో పడేది. వాగు ఒడ్డునే, కొంత దిగువన, గొర్రెలు మేపుకొని బతికే కురుమవాళ్ళ గూడెం.

మేము రైలు దిగేసరికి కార్ఖానా జీపు స్టేషన్ బయట నిలబడి ఉండేది. గేటు దగ్గర మేనేజరు నవ్వుతూ ఎదురొచ్చేవాడు. ఆయనది హైదరాబాదు. మాటలో తేనె ఒలికేది. రామ్మూర్తిగారిని సోఫాలో కూర్చోబెట్టేవాడు. తళతళలాడే ట్రేలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు వచ్చేవి. సరిగ్గా ట్రే గది గడప దాటుతుండగా వెనక ఎక్కడో ఇంజను డుగ్ డుగ్ మని మొదలయ్యేది. కార్ఖానాకు పెద్ద బావి ఉంది. ఆ ఇంజను బావి నీళ్ళు తోడేది. ఒక కప్పు అయ్యాక ఇంకో కప్పు. తర్వాత పాన్. మేనేజరు రామ్మూర్తిగారి ఊరు సంగతులు, పిల్లల చదువులు అడిగేవాడు. చివరికి మేము కాలువ దగ్గరికి చేరేసరికి అందులో బావి నీళ్ళు గలగలా పారుతుండేవి. తొట్ల నుంచి వచ్చినది ఏదైనా ఉంటే అప్పటికే వాగులో కలిసిపోయేది. కాలువ గోడల మీద ఇటుకరంగు తుప్పు మరక ఉండేది. దానికి చాలా కిందుగా తేట నీళ్ళు. నేను వంగి సీసా ముంచేవాణ్ణి. లాబొరేటరీ నుంచి రిపోర్టు వచ్చేది, హాని లేదు అని. ఎందుకుంటుంది? అవి కార్ఖానా వాళ్ళు తాగే బావి నీళ్ళు.

రెండోసారి వెళ్ళినప్పుడే నాకు అర్థమైంది. ఆగలేక అన్నాను, "సాబ్, మీ చాయ్ మస్తు మహిమ గలది. మేము తాగుతుంటే మీ కాలువ తేటపడుతది."

మేనేజరు హాయిగా నవ్వాడు, నా వీపు తట్టి ఇంకో బిస్కెట్ చేతిలో పెట్టాడు. నా జోకుల వల్ల ఉపయోగం ఎంతో అప్పుడే తెలిసింది. దొంగను నవ్విస్తే దొంగకు ఇంకా సులువు.

తిరిగొచ్చేటప్పుడు రామ్మూర్తిగారితో చెప్పాను, ఇంజనుకూ చాయ్‌కూ ఏదో చుట్టరికం ఉంది సార్ అని. ఆయనకు తెలియకపోలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "అంత మర్యాదగా పిలిచినప్పుడు ముఖం మీద వద్దని ఎలా అంటామయ్యా" అన్నారు.

నేను ఆయన్ని గౌరవించాను, ఇప్పటికీ గౌరవిస్తాను. అయినా రాస్తున్నాను. మర్యాదకు లొంగే అధికారి కంటే లంచానికి లొంగే అధికారి కొంత నయం. లంచగొండికి తాను తప్పు చేస్తున్నట్టు తెలుస్తుంది. మర్యాదస్తుడు ఇంటికి పోయి కమ్మగా నిద్రపోతాడు.

బీరయ్య మంద

ఒక వేసవిలో గూడెం నుంచి బీరయ్య అనే ఆయన నల్లగొండ ఆఫీసుకు వచ్చాడు. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర. వరండాలో గోడకు ఆనుకొని కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "నా కాళ్ళకు దుమ్మున్నది, మీ నేల పాడైతది" అన్నాడు. ఆయన ఎవరి నేల పాడవడం గురించి వచ్చాడో తర్వాత తెలిసి సిగ్గుపడ్డాను.

ఆయన గొర్రెలు వాగులో తాగేవి. మొదట గొర్రె పిల్లల మూతులకు పుండ్లు లేచాయి. తర్వాత ఉన్ని చేతికి ఊడొచ్చింది. ఈతకు వచ్చిన గొర్రెలు ఈసుకుపోయాయి, పిల్లలు కడుపులోనే పోయాయి. మందను వాగుకు దూరంగా తోలుకుపోయి మేపుతుండగానే గూడెం బావి కూడా పుల్లబడింది. మనుషులు తాగేది ఆ బావే. పట్టాల అవతల ఒక రైతు బావి నుంచి నీళ్ళు మోసుకొచ్చేవాళ్ళు. ఎండలకు అదీ ఎండింది, మళ్ళీ ఆ పుల్లటి నీళ్ళే గతి అయ్యాయి.

ఇంకో దెబ్బ కూడా ఉంది, మీకు తెలియకపోవచ్చు. మా దిక్కు రైతులు కోతలయ్యాక గొర్రెల మందను రాత్రిళ్ళు తమ పొలాల్లో పడుకోబెట్టుకుంటారు. ఎరువు కోసం. మందవాళ్ళకు బదులుగా వడ్లు, జొన్నలు ముట్టజెప్తారు. ఏడాదిలో సగం తిండి అదే. బీరయ్య మందకు ఏదో రోగముందని చుట్టుపక్కల పాకిపోయింది. పశువుల డాక్టరు కూడా వచ్చి చూసి, ఇది అంటురోగమే అన్నాడట. ఆయనా కార్ఖానా గేటు దాటి వచ్చినవాడే. ఏ చాయ్ తాగాడో నాకు తెలుసు. రైతులు మందను రానివ్వడం మానేశారు. గూడెంలో కొందరు అప్పటికే ఇళ్ళకు తడకలు కట్టేసి చుట్టాల ఊళ్ళకు పోయారు.

"సారూ, గొర్లు పోతె పోయినయి, మల్ల పెంచుకుంట. బాయి పోతె ఊరే పోయినట్టు. జర గా బాయిని నిలబెట్టున్రి" అన్నాడు బీరయ్య.

రామ్మూర్తిగారు తప్పకుండా చేస్తామన్నారు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. ఆయన ఏదైనా మనస్ఫూర్తిగానే అనేవారు, అదే బాధ.

చింతపండు గెలిచిన కేసు

బీరయ్య వచ్చిపోయిన కొద్దిరోజులకే అదృష్టం మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. మేము తనిఖీకి వెళ్ళిన రోజు కార్ఖానా ఇంజను చెడిపోయింది. చాయ్ వచ్చింది, డుగ్ డుగ్ రాలేదు. మేనేజరు ముఖంలో చెమట. చాయ్ మూడో దఫా కూడా వచ్చింది. ఎంతసేపని తాగుతాం? లేచి వెళ్ళాం. కాలువలో గోధుమరంగు నీళ్ళు ఆవిరి కక్కుతూ పోతున్నాయి. నేను సీసా ముంచితే వేళ్ళు చురచుర మండాయి. ఆనందంతో ఆ మంట తెలియలేదు. ఆ వారం రిపోర్టు వచ్చింది. ఆసిడ్ బాగా ఉంది అని రాశారు.

కేసు మేజిస్ట్రేటు ముందుకు పోయింది. కార్ఖానా వాళ్ళు హైదరాబాదు నుంచి పెద్ద వకీలును తెచ్చారు. ఆయన రామ్మూర్తిగారిని పెద్దగా ఏమీ అడగలేదు. నన్ను బోనులోకి పిలిచాడు. ఎంతో ప్రేమగా, నర్సయ్యగారూ అన్నాడు. నా జన్మలో నన్ను గారూ అన్న మొదటి మనిషి ఆయనే. అప్పుడే అనుమానించాల్సింది.

"మీ సీసాలు చాలా శుభ్రంగా ఉంటాయని విన్నాను. దేంతో కడుగుతారు?"

ఇదీ ఒక ప్రశ్నేనా అనుకున్నాను. మా హమీద్ సాబ్‌ను తలచుకొని గర్వంగా చెప్పాను, "చింతపండుతోని సార్. అద్దంలెక్క మెరుస్తయ్."

వకీలు మేజిస్ట్రేటు వైపు తిరిగి, చింతపండు పుల్లగా ఉంటుందా తియ్యగా ఉంటుందా అని మాత్రం అడిగాడు. కోర్టంతా గొల్లున నవ్వింది. మేజిస్ట్రేటు కూడా నవ్వాపుకోలేదు. సీసాలో దొరికిన ఆసిడ్ కార్ఖానాదో మా వంటింటి చింతపండుదో తేలదు గనక కేసు కొట్టేశారు.

జీవితమంతా నేను జనాన్ని నవ్వించాను. ఆ రోజు నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. కోర్టు వెనక బెంచీ మీద బీరయ్య కూర్చొని ఉన్నాడు. ఆయన నవ్వలేదు. ఆయనకు అర్థం కాక కాదు. సీసాకు అంటిన చిటికెడు చింతపండును అంతమంది చదువుకున్నవాళ్ళు పట్టుకున్నారు. నిండుగా పారే కాలువను ఒక్కరూ పట్టుకోలేదు. చట్టం గొప్పదనం గురించి ఎవరైనా ఉపన్యాసం చెప్తుంటే నాకు చింతపండు వాసన వస్తుంది.

అమ్మాయీ, ఇది రాసిపెట్టుకో. సీసాలో ఏ నీళ్ళు నింపబోతున్నావో ఆ నీళ్ళతోనే రెండు మూడుసార్లు తొలిచి కడిగి పారబొయ్యాలి, ఆ తర్వాతే నింపాలి. అదీ మేనేజరు కళ్ళ ముందే చెయ్యాలి. ఈ చిన్న ముక్క మాకు ఎవరూ చెప్పలేదు. మెరవాలి అని మాత్రం చెప్పారు.

గాజు గ్లాసు

కేసు పోయాక పైనుంచి రామ్మూర్తిగారికి చీవాట్లు వచ్చాయి. ఇంకొక్కసారి సీసా పట్టండి, అదీ బాగున్నదని తేలితే ఫైలు మూసెయ్యండి, పరిశ్రమలను వేధించకండి అన్నారు. వేధించడం అన్న మాట విని నాకు నవ్వు కూడా రాలేదు.

అంటే ఇక ఒక్క సీసా మిగిలింది. అది కూడా బావి నీళ్ళదైతే గూడెం లేనట్టే. కార్ఖానాకు ఎప్పటిలాగే కబురు వెళ్ళింది. ఇంజను బాగుచేయించుకొని ఉంటారు. జీపు స్టేషన్ దగ్గర ఉంటుంది. ట్రే కడిగి ఉంటుంది. ఆయన కాదనలేరు.

నేను బాగా ఆలోచించాను. కాదనలేని మనిషిని కాదనమని ఏళ్ళ తరబడి పోరాను. ఎద్దును పాలివ్వమన్నట్టు ఉంది నా పని. ఆయనతో ఔననిపించడమే సులువు కదా అనిపించింది. రైలు వద్దు, బస్సులో పోదాం సార్ అన్నాను. సరే అన్నారు. కార్ఖానాకు ముందు వాగు దగ్గర బస్సు ఆపించి, ఇక్కడ దిగుదాం సార్, బీరయ్య వాళ్ళింట్లో పిలిచారు అన్నాను. పిలవలేదు. కానీ పిలిచారంటే ఆయన రాకుండా ఉండలేరు. సరే అన్నారు.

గూడెంలో బీరయ్య గడపలో కూర్చొని గొర్రె కాళ్ళకు పసుపు పట్టిస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు, మంచం వాల్చాడు. ఆయన భార్య లచ్చవ్వ లోపలి నుంచి తొంగిచూసింది. నేను గడుసుగా, "లచ్చవ్వా, సారుకు జర చాయ్ పొయ్యి" అన్నాను.

బీరయ్యకు ప్రాణం పోయినట్టయింది. "గా నీళ్ళతోనా? వద్దు. సారు తాగలేడు. ఇజ్జత్ పోతది."

"మనింట్ల ఉన్నయి గవే నీళ్ళు" అంది లచ్చవ్వ. "లేని నీళ్ళు నేను యాడికెల్లి తేవాలె?"

పొయ్యి రాజేసింది. బావిలోంచి చేదిన నీళ్ళు పెట్టింది. చాయపత్తా వేసింది. అది మరుగుతుంటే మేక పాలు పోసింది. చాయ్ అంటే ఎర్రగా ఉండాలి. అది ఉడుకుతూ ఉడుకుతూ పలకరంగుకు తిరిగింది. పాలు విరిగి తునకలు తునకలుగా పైకి తేలాయి. ఆమె దాన్ని గాజు గ్లాసులో వడబోసి, ఎండకు ఎదురుగా పట్టుకొని బయటికి తెచ్చింది. నల్లగా ఉంది. నాకు బడి గుర్తొచ్చింది. చాయపత్తాలో కూడా కరక్కాయలాంటి వగరే ఉంటుంది. కార్ఖానా అన్నభేది బావిలోకి దిగి, లచ్చవ్వ పొయ్యి మీద సిరా అయింది. ఆ గూడెంవాళ్ళు నెలల తరబడి నేను పక్కవాడి అంగీ మీద పోసినదాన్ని తాగుతున్నారు.

రామ్మూర్తిగారు గ్లాసు అందుకున్నారు. ఆయన ముఖం చూశాను. ఆయనకు రసాయనశాస్త్రం తెలుసు. అందులో ఏముందో నాకంటే బాగా తెలుసు. అయినా ఆ మనిషి, ఇంటామె చిన్నబుచ్చుకుంటుందని, ఆ గ్లాసు పెదవుల దాకా ఎత్తారు.

లచ్చవ్వ ముందుకొచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది.

"వద్దు సారూ. నేను పోసింది నువ్వు సూడాల్నని. తాగనీకె గాదు."

మా దిక్కు ఇంటికొచ్చిన మనిషికి ఇచ్చిన గ్లాసు తిరిగి లాక్కోవడం అంటే, ఆ ఇంటివాళ్ళు చచ్చినా చెయ్యని పని. బీరయ్య తల వంచుకున్నాడు. ఆమె మాత్రం చెయ్యి వదల్లేదు. ఆయన గ్లాసు కిందికి దించేదాకా పట్టుకునే ఉంది. దించాక అంది, "గిది నా మనుమరాలు రోజు తాగుతది. ఆమె చెయ్యి గూడ గిట్లనే పట్టుకుంటె ఇంకేం తాగాలె?"

రామ్మూర్తిగారు, "అమ్మా, ఈ గ్లాసు నేను తీసుకెళ్ళొచ్చా?" అని అడిగారు. ఆమె ఒక మోదుగాకు తెచ్చి గ్లాసు మీద మూత పెట్టి ఇచ్చింది.

ఆ గ్లాసు రెండు చేతులతో పట్టుకొని ఆయన కార్ఖానా దాకా నడిచారు. నేను పెట్టెతో వెనక. ఎండకు తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ఆయన ఒక్క చుక్క తొణకనివ్వలేదు. స్టేషన్‌లో మా కోసం చూసి చూసి జీపు ఖాళీగా తిరిగొచ్చి మమ్మల్ని దాటుకొని పోయింది. డ్రైవరు గుర్తుపట్టలేదు. మమ్మల్ని నడుస్తుండగా అతను ఏనాడూ చూడలేదు మరి.

గేటు దగ్గర మేనేజరు మామూలుగానే నవ్వాడు. "తశ్రీఫ్ లాయియే సాబ్, చాయ్..." అని మొదలుపెట్టాడు. రామ్మూర్తిగారు లోపలికి నడిచి, బల్ల మీద గాజు గ్లాసు పెట్టి, ఆకు తీశారు.

"ఈ పూట చాయ్ మేమే తెచ్చాము. మీ కాలువ కింద ఉండేవాళ్ళు ఇచ్చింది. మీరు కూర్చొని తాగండి. మీరు తాగేలోపు మేము కాలువ దగ్గరికి వెళ్ళివస్తాము."

ఆయన గొంతు పెంచలేదు. మర్యాద ఎక్కడా తగ్గలేదు. ఆ మర్యాదకు కూడా పళ్ళుంటాయని నాకు అప్పుడే తెలిసింది. ఆయన అప్పటికే గది దాటి వెళ్ళిపోతున్నారు. మేనేజరు ఒక చూపు గ్లాసు వైపు, ఒక చూపు మా వైపు చూసి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఎవరినో కేకేస్తున్నాడు. ఇంజను దగ్గర మనిషి భోజనానికి పోయినట్టున్నాడు. కాలువలో అదే గోధుమరంగు నీళ్ళు. నేను ఆ నీళ్ళతోనే సీసా తొలిచి పారబోశాను. మళ్ళీ తొలిచాను. మేనేజరు ముఖానికి దగ్గరగా సీసా ఎత్తి చూపించాను. "సూసుకోన్రి సాబ్. చింతపండు లేదు" అన్నాను. నింపాను, బిరడా బిగించాను. లక్క కరిగి ముద్ర పడ్డాక వెనక నుంచి డుగ్ డుగ్ మని ఇంజను మొదలైంది. రామ్మూర్తిగారు చీటీ మీద సంతకం చేసి, కలం మేనేజరుకు అందించారు. మా కోసం సిద్ధం చేసిన చాయ్ ట్రే అంతసేపు గదిలోనే ఉండిపోయింది. నేను పనిచేసిన కాలంలో ఆ కార్ఖానాలో చల్లారిపోయిన మొదటి చాయ్ అది.

గెలిచాం అంటారు దీన్ని

ఈసారి వకీలుకు అడగడానికి ఏమీ దొరకలేదు. ఆర్డరు వచ్చింది. కార్ఖానా వాళ్ళు గుంటలు తవ్వి, మురికినీళ్ళను సున్నంతో విరిచి, మడ్డి అడుగుకు దిగాకే బయటికి వదలాలి. అప్పటిదాకా తొట్లు ఆపాలి. జుర్మానా కూడా వేశారు. అది వాళ్ళు మాకు పోసిన చాయ్ ఖర్చు కంటే ఎక్కువేమీ కాదు.

గుంటలు తవ్వారు. వాగు కొన్నాళ్ళకు తేటపడింది. మా ఆఫీసులో అందరూ రామ్మూర్తిగారికి దండలు వేశారు. ఆ తర్వాత ఆయన్ను ఏ ఫ్యాక్టరీలూ లేని చోటు చూసి బదిలీ చేశారు, నన్ను మహబూబ్‌నగర్ పంపారు. అది వేరే కథ, మీకు అక్కర్లేదు.

మీకు కావలసింది బావి సంగతి. బావి బాగుపడలేదు. అప్పటికే నేలలోకి దిగిన నీళ్ళకు మా ఆర్డరు కాపీ అందలేదు. ఒక వానాకాలం చూశారు, ఇంకో వానాకాలం చూశారు. చేదితే అదే పులుపు, కాస్తే అదే నలుపు. గూడెం ఇల్లు ఇల్లుగా లేచిపోయింది. కార్ఖానా మాత్రం చట్టానికి లోబడి, గుంటల పక్కన పూలచెట్లు పెట్టుకొని, నడిచింది. మేము ఏళ్ళ తరబడి హాని లేదు, హాని లేదు అని బావి నీళ్ళకు ముద్రలు కొట్టాం. కాలువ నీళ్ళకు ముద్ర కొట్టేసరికి గూడెం మిగల్లేదు. తొలిసారే చాయ్ ముట్టకుండా కాలువ దగ్గరికి పోయి ఉంటే ఆ బావి బతికేదా? నాకు తెలియదు. తెలిసినవాళ్ళెవరూ లేరు. అందుకే ఈ కోపం చల్లారదు.

చాలా ఏళ్ళ తర్వాత కొల్లాపూర్ దిక్కు తనిఖీకి పోయినప్పుడు సంతలో బీరయ్య కనిపించాడు. కృష్ణ ఒడ్డున వాళ్ళ అల్లుడి ఊరికి చేరారట. మంద మళ్ళీ పెరిగిందట, కానీ సగమే. ఇంటికి రమ్మంటే పోయాను. లచ్చవ్వ ముసలిదైపోయింది. నన్ను చూసి, "కార్ఖానోళ్ళు ఇంక నీకు చాయ్ పోస్తున్రా నర్సయ్యా?" అని అడిగింది. పోస్తారు, తాగను అన్నాను. ఆమె నమ్మినట్టు కనిపించలేదు.

చాయ్ పెట్టింది. గాజు గ్లాసులో పోసింది. నాకు ఇచ్చే ముందు గడపలోకి వచ్చి, గ్లాసు ఎండకు ఎత్తిపట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది. ఊరు మారినా, బావి మారినా, ఆ చూపు మాత్రం ఆమెను వదల్లేదు.

"ఎర్రగనే ఉన్నది కొడుకా" అంది. "తాగు."